ఆవిడ చెయ్యి ఆగినప్పుడు

ఫిబ్రవరి 4, ఆదివారం

ఈ రోజు నా నోట్లోనే వాక్యం చచ్చిపోయింది. నీళ్లలో రాయి పడ్డట్టు పడిపోయింది. పైకి బుడగ కూడా రాలేదు.

గ్రంథంలోని ఎండిన ఎముకల లోయ మీద ప్రసంగం చెప్పాను. ఎన్నేళ్ల నుంచో జనాన్ని ఆ లోయలోకి నడిపించుకెళ్తున్నాను. ఎముకకి ఎముక వచ్చి అతుక్కునే చోట నేను వేళ్లు విరిస్తే, ఆ టకటక వెనక బెంచీ దాకా వినపడేది. ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఇవాళా విరిచాను. వెనక బెంచీలో ఎవరో తుమ్మారు.

గడియారాల పెద్దాయన మొదటి వరసలో కూర్చుని మణికట్టు తిప్పి టైము చూసుకున్నాడు. అంతటితో ఊరుకున్నాడా? గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడుతోందో లేదో విన్నాడు. ఆయన పగలంతా గడియారాలు బాగుచేస్తాడు, ఆదివారం నన్ను. సంఘంలో ఆయన తల ఆడిస్తే ప్రసంగం గెలిచినట్టు.

వేదిక దిగాక బావమరిది మైకు వైర్లు మోచేతికి చుట్టుకుంటూ అన్నాడు, "బావా, మైకు బాగానే ఉంది. రెండుసార్లు చూశాను."

"అయితే?"

"అయితే ఏముంది. కరెంటు నీ దగ్గరే పోయింది."

మైకుసెట్లు అద్దెకిచ్చుకునేవాడికి ఆత్మ సంగతి ఏం తెలుస్తుంది? వాడికి అన్నీ వేళాకోళమే. హాలు కింద టైర్ల షాపు. ఆ రబ్బరు వాసన మెట్లెక్కి వస్తుంది. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటుంది. అలాంటి చోట ఏ వాక్యం నిలబడుతుంది?

ఫ్యాను వల్లే.

ఫిబ్రవరి 5, సోమవారం

షాపు తీశాను. ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో తడివేలు తాకించి చూశాను. చుయ్‌మంది. దానికి ఆ వేలుంది. నా వేడి చూసే వేలు ఏమైపోయింది?

ఇది ఎక్కడా రాసుకోలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. నీకెలాగూ తెలుసు కాబట్టి రాస్తున్నాను ప్రభువా. నేను బోధకుల బడి గడప తొక్కినవాణ్ణి కాదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని నీ గ్రంథంలోనే చదవడం నేర్చుకున్నాను. నాకు వాక్యం వచ్చేది ఈ ఇస్త్రీ బల్ల దగ్గరే. కాలరు మీద పెట్టె ఆనించి మొదలుపెడితే, చేతుల మడతలకి వచ్చేసరికి నోరు తెరుచుకునేది. ఎదురుగా ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని ఊడిన గుండీలు కుట్టేది. వింటున్నట్టే ఉండేది కాదు. కానీ ఎక్కడో ఒకచోట ఆవిడ చెయ్యి ఆగేది. సూది గాల్లోనే ఉండిపోయేది. చాలు. ఆ మాటని అక్కణ్ణుంచి చెక్కుచెదరకుండా తీసుకెళ్లి ఆదివారం వేదిక మీద పెడితే హాలంతా లేచి నిలబడేది. చెయ్యి ఆగకపోతే ఆ ప్రసంగం పారేసి మళ్లీ మొదటినుంచి చెప్పుకునేవాణ్ణి.

పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టాను. నీ ఆత్మ ముందు ఆవిడ చేతుల మీద దిగుతుంది. తరవాతే జనం మీద.

పోయిన వానాకాలం నుంచి ఆవిడ చెయ్యి ఆగడం లేదు.

ఫిబ్రవరి 7, బుధవారం

అమ్మాయి వచ్చింది. బడిలో లెక్కలు చెప్తుంది కదా, ఇంటికొచ్చినా లెక్కలే. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"నాన్నా, అమ్మకి మాత్రలు టైముకి ఇస్తున్నావా?"

"ఇస్తున్నానమ్మా."

"టైముకి అంటే ఏ టైముకి?"

"మీ అమ్మ నాకు పెళ్లామా, నువ్వు పరీక్ష పెట్టే పిల్లా?"

ఆవిడ నవ్వింది. నవ్వితే చెయ్యి ఇంకా ఎక్కువ ఆడింది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిసి, కనపడని ఏదో గింజని నలుపుతున్నట్టు ఆడతాయి. ఊరికే కూర్చుంటే ఎక్కువ. ఏదైనా గట్టిగా పట్టుకుంటే కాసేపు తక్కువ. సూదిలో దారం ఎక్కించడం మానేసి చాలా రోజులైంది. మడతలు పెడుతుంది. చొక్కా చేతులు ఒకటి పైకి, ఒకటి కిందికి వస్తున్నాయి. ఆవిడ వెళ్లాక నేను విప్పి మళ్లీ పెడతాను. ఆవిడ చూడలేదనుకుంటాను.

డాక్టరు మాట అమ్మాయి మళ్లీ చెప్పింది. ఇది పోయేది కాదట. మాత్రలు పూట తప్పకుండా పడితే బండి నడుస్తుందట. ఉన్నట్టుండి మాత్రం ఆపకూడదట.

పోయేది కాదట. పోయేదో కాదో నిర్ణయించడానికి వాడెవడు?

ఫిబ్రవరి 9, శుక్రవారం

నీ మాట కోసం కళ్లు మూసుకుని గ్రంథం తెరిచాను. గుడారపు కొలతలు వచ్చాయి. మూసి, ప్రార్థించి, మళ్లీ తెరిచాను. వంశావళి. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను.

నాతో మాట్లాడటం లేదన్నమాట.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఇవాళ ఫ్యాను ఆపించి చెప్పాను. అయినా అంతే. గొంతు పెంచాను. పెంచినకొద్దీ లోపల ఖాళీ డబ్బా మోగినట్టయింది. వేదిక దిగి జనం మధ్యలోకి నడిచాను. రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాను. అది తుడుచుకునే చోటు నాకు తెలుసు. అక్కడ చెమట రాకపోయినా తుడుచుకున్నాను. ఆ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

తరవాత పెద్దలు కూర్చున్నారు. నెలాఖరు ఆదివారం సాయంత్రం మహాసభ ముగింపు నాది. ఏటా నాదే. గడియారాల పెద్దాయన గొంతు సవరించుకుని, "నీకు కాస్త విశ్రాంతి కావాలేమో తమ్ముడూ," అన్నాడు.

"విశ్రాంతి సమాధిలో తీసుకుంటాను."

"కోప్పడకు. ముగింపు ఈసారికి నువ్వే చెప్పు. అప్పటికీ ఇలాగే ఉంటే తెరాయనకి ఇద్దాం."

తెరాయన అంటే కొత్తగా వచ్చినాయన. గోడ మీద తెర కట్టి బొమ్మలు చూపిస్తూ బోధిస్తాడు. సముద్రం రెండుగా చీలిన బొమ్మ వేస్తాడు. నేను సముద్రాన్ని నోటితో చీల్చినవాణ్ణి! ముందు వరసలో వాళ్లు తడుస్తామని కాళ్లు ఎత్తుకునేవాళ్లు!

వేదిక పోతే నేనెవణ్ణి? బట్టలు ఇస్త్రీ చేసేవాణ్ణి.

ఫిబ్రవరి 13, మంగళవారం

దొరికింది. స్తోత్రం, స్తోత్రం. చెయ్యి వణుకుతోంది రాయడానికి. నా చెయ్యి.

పొద్దున్న టీ గ్లాసు నాకు అందించబోయింది. అంచు దాటి బల్ల మీద ఒలికింది, ఒక తెల్లచొక్కా పాడైంది. "అయ్యో, నా చేతులు పడిపోనూ," అంది. ఆ మాటతో నా లోపల ఎవరో దీపం ఒత్తి ఎగదోసినట్టయింది.

చేతులే ఎందుకు? కాలు కావచ్చు, కన్ను కావచ్చు. ఆ చేతులే ఎందుకు? నీ ఆత్మ దిగే చోటు తెలుసుకుని శత్రువు సరిగ్గా అక్కడే వచ్చి కూర్చున్నాడు. అక్కణ్ణుంచి నా నోరు కట్టేశాడు. జబ్బు కాదిది. ముట్టడి. దాన్ని డాక్టరు గదిలో కాదు, జనం ముందు, వేదిక మీద విడిపించాలి.

అప్పుడు నోరు తెరుచుకుంది చూడూ! ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు. గుర్తొచ్చేసరికి ఒక ప్యాంటు మోకాలి దగ్గర పెట్టె ఆకారం పడింది. కాలితే కాలింది. ఎన్ని నెలలకి వచ్చిందీ మంట!

ఫిబ్రవరి 14, బుధవారం

అడిగాను.

"మహాసభ ముగింపు రోజు నిన్ను వేదిక మీదికి పిలుస్తాను. చేతులుంచి ప్రార్థిస్తాను."

"నన్నా? అంతమందిలోనా?"

"అంతమందిలోనే. అందాకా ఆ మాత్రలు వద్దు. ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని, ఇంకో చేత్తో మాత్రల డబ్బా పట్టుకుంటే అది విశ్వాసం ఎలా అవుతుంది?"

ఆవిడ కిందికి చూసింది. చెయ్యి ఒళ్లో ఆడుతోంది. దాన్ని రెండో చేత్తో కప్పింది.

"మీకు మళ్లీ మాట వస్తుందా, ఇలా చేస్తే?"

"నా మాట సంగతి కాదిది. నీ స్వస్థత సంగతి."

"సరేలెండి. అమ్మాయికి తెలిస్తే ఇద్దర్నీ గోడకుర్చీ వేయిస్తుంది."

నా మాట సంగతి కాదు. ఇక్కడ కూడా రాసిపెడుతున్నాను. కాదు.

మాత్రలు తీసుకెళ్లి షాపులో నల్లకోటు జేబులో పెట్టాను. ఎవరో ఇస్త్రీకి ఇచ్చి మళ్లీ రాని కోటు. ఏళ్లుగా అదే మేకుకి వేలాడుతోంది. దాని జేబులో ఎవరూ చెయ్యి పెట్టరు.

ఫిబ్రవరి 17, శనివారం

ఎక్కువైంది. ఎడమచెయ్యి కూడా మొదలుపెట్టింది. ఓడిపోయేవాడే పోయే ముందు ఎక్కువ గోల చేస్తాడు. ఇది మంచి గుర్తు.

ఫిబ్రవరి 20, మంగళవారం

ప్రసంగం ఉప్పెనలా వస్తోంది. పొద్దున్న లేస్తే నోట్లో ఉంటోంది. గ్రంథం ఎక్కడ తెరిచినా నాకోసమే రాసినట్టుంది. పక్షవాతం వచ్చినవాణ్ణి మంచంతో సహా కప్పు విప్పి దించిన చోటు వచ్చింది. ఎండిపోయిన చెయ్యి చాపమన్న చోటు వచ్చింది. మొన్న కొలతలూ పేర్లూ చూపించినవాడివి, ఇవాళ చేతులు చూపిస్తున్నావు!

ఆవిడ మంచం మీద పక్కకి తిరగలేకపోతోంది. నేనే తిప్పుతున్నాను. నా చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటున్నాను.

బావమరిది వచ్చాడు. "అక్కా, నీ ముఖమేంటి చెక్కలా అయిపోయింది? బావ నిన్ను కూడా ఇస్త్రీ చేశాడా?" అన్నాడు. ఆవిడ నవ్వడానికి చూసింది. పెదవులు కదల్లేదు. వాడి నవ్వు కూడా మధ్యలో ఆగిపోయింది.

"బావా, అక్కకి బాగాలేదు."

"ఆదివారం చూడు."

"ఆదివారం దేనికి? ఇప్పుడు చూస్తున్నాగా."

అమ్మాయికి పరీక్ష పేపర్లు దిద్దే పనట. ఈ బుధవారం రాదు. దారి నువ్వే సరాళం చేస్తున్నావు.

ఫిబ్రవరి 26, సోమవారం

నిన్నటిది నిన్న రాయలేకపోయాను. గొంతు లేదు. ఇప్పుడూ లేదు. ఉండక్కర్లేదు.

మైదానం నిండిపోయింది. నేను వేదిక ఎక్కేసరికి వెలుగు ఇంకా ఉంది. మొదటి మాట మెల్లగా వేశాను. చెవి ఒగ్గి వినేంత మెల్లగా. బావమరిదికి సైగ కూడా చెయ్యలేదు, మైకు వాడే తగ్గించాడు. ఎండిన చెయ్యి గురించి మొదలుపెట్టాను. అది ఎప్పటినుంచి ఎండిపోయింది, ఆ మనిషి దాన్ని బట్టల్లో ఎలా దాచుకునేవాడు, పెళ్లిలో ఎవరైనా చెయ్యి చాపితే ఎలా పక్కకి తిరిగిపోయేవాడు. ఏ గ్రంథంలోనూ లేదది. నేను చూస్తూ చెప్పాను. జనం కూడా చూశారు. ఒక్క దగ్గు లేదు. ఒక్క బిడ్డ ఏడవలేదు.

అప్పుడు ఆవిణ్ణి పిలిచాను. ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని మెట్లెక్కించారు. చేతులు రెండూ కొట్టుకుంటున్నాయి, అందరికీ కనపడేలా పైకెత్తి చూపించాను. నా చేతులు ఆవిడ తలమీద ఉంచి కేక వేశాను. ఆ కేక నాది కాదు. ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు.

ఆగాయి.

ఆవిడ చేతులు ఆగాయి. ఛాతీ మీద రెండు పిడికిళ్లూ కదలకుండా నిలబడ్డాయి. పాతరోజుల్లో సూది గాల్లో నిలబడ్డట్టు.

మైదానం విరుచుకుపడింది. గడియారాల పెద్దాయన కుర్చీ మీదికెక్కి ఏడుస్తూ సాక్ష్యం చెప్పాడు. చక్కెర జబ్బుకి రోజూ పొడుచుకునే సూదుల్ని ఇవాళే పారేస్తాను అని అరిచాడు. ఆయన! నా ప్రసంగంలో గడియారం చూసుకునే ఆయన!

తెరాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

నేను బతికే ఉన్నాను ప్రభువా. ఇంకా బతికే ఉన్నాను.

ఆవిడ బాగా అలిసిపోయింది. పడుకుంది. చేతుల మీద దుప్పటి కప్పాను.

ఫిబ్రవరి 28, బుధవారం

జ్వరం. ఒళ్లు కర్రలా బిగుసుకుంది. నీళ్లు మింగలేకపోతోంది. అమ్మాయి వచ్చింది, చూసింది, బండి పిలిచింది.

మార్చి 1, శుక్రవారం

ఆసుపత్రి వరండా. గోడకి ఆకుపచ్చ రంగు సగం ఎత్తు దాకా వేసి ఆపేశారు.

అమ్మాయి అడిగింది, "ఎన్నాళ్ల నుంచి ఆపావు?"

చెప్పాను.

"ఎక్కడ పెట్టావు మాత్రలు?"

చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే తట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను, అరుపుకి అరుపుతో జవాబు చెప్పడం నాకు వచ్చు. ఆ పిల్ల నా పక్కన బెంచీ మీద కూర్చుని చెప్పుల కొనలు చూసుకుంటూ, "నువ్వు వేదిక మీద ఉన్నప్పుడు నాకు చిన్నప్పుడు ఎంత గర్వంగా ఉండేదో తెలుసా," అంది. లేచి లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 3, ఆదివారం

హాలుకి వెళ్లలేదు. హాలే ఇక్కడికి వచ్చింది. గడియారాల పెద్దాయన కొడుకు భుజం పట్టుకుని వరండాలో నడిచొచ్చాడు. సూదులు నిజంగానే మానేశాడట. ఒంట్లో తేలిగ్గా ఉందట. కాలి బొటనవేలి దగ్గర చిన్న పుండు లేచింది, అది విశ్వాసానికి శోధనట.

"అమ్మగారికి ఇది ఆఖరి దెబ్బ తమ్ముడూ, శత్రువు కొట్టిపోతున్నాడు," అని నన్నే ఓదార్చాడు. నా మాటలు నాకే తిరిగొచ్చాయి.

చెప్పాల్సింది. ఆయన కొడుకు నా ముఖంలోకే చూస్తున్నాడు, నేను ఏదైనా అంటానేమోనని. అనలేదు.

ఆయన విశ్వాసం ఆయనది. నేను మానెయ్యమన్నానా?

మార్చి 4, సోమవారం

మానెయ్యమన్నాను. ఒక చేత్తో ఆయన్ని, ఒక చేత్తో మాత్రల డబ్బానా అని మైకులో అరిచాను.

మార్చి 6, బుధవారం

మాత్రలు మళ్లీ పట్టాక జ్వరం దిగింది. ఇవాళ చెంచాతో గంజి మింగింది. మాట మెల్లగా, మూతపెట్టిన గిన్నెలోంచి వచ్చినట్టు వస్తోంది. చెయ్యి దుప్పటి కింద ఆడుతోంది.

నాకు ఒక్కటి కావాలి. ఒక్కటి మిగిలితే చాలు అనుకుని అడిగాను.

"ఆ రోజు వేదిక మీద చేతులు ఆగాయి కదా. కాసేపైనా ఆగాయి. అది అబద్ధం కాదుగా."

"ఆపాను," అంది.

"ఆగాయి."

"ఆపానండీ. బొటనవేళ్లు లోపలికి మడిచి బిగపట్టాను. మోచేతులు పక్కలకి నొక్కాను. పళ్లు కూడా బిగించాను, దవడ ఇంకా నొప్పిగా ఉంది. ఎప్పుడూ ఆపినట్టే ఆపాను."

"ఎప్పుడూ ఏంటి?"

నాకేసి చూసింది. నాకు తెలియదని అప్పుడే తెలిసినట్టు చూసింది.

"షాపులో. మీరు చెప్తూ చెప్తూ నా చేతుల వంకే చూసేవారుగా. ఆపితే మీకు తృప్తి. ఆపకపోతే మళ్లీ మొదటినుంచీ. నాకు ఆకలేసేది. నేను చెయ్యి ఆపితేనే మీరు అన్నానికి లేచేవారు."

వార్డులో ఎవరికో సెలైను మారుస్తున్నారు. సీసా తగిలించిన చప్పుడు విన్నాను.

"ప్రతిసారీనా?"

నిజంగానే ఆలోచించింది. నన్ను ఓదార్చడానికైనా తొందరపడలేదు.

"ప్రతిసారీ కాదేమో. కొన్నిసార్లు నిజంగా బాగుండేది. వినాలని ఆపేదాన్ని."

"ఏవి?"

"గుర్తులేదండీ."

మార్చి 7, గురువారం

లోయ? సముద్రం? తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు? ఏది? ఏది నిజంగా?

మార్చి 9, శనివారం

ఇంటికి తీసుకొచ్చాం. అమ్మాయి సెలవు పెట్టి మాతోనే ఉంటోంది. నల్లకోటు మేకు మీంచి తీసి జేబులు బయటికి లాగి మళ్లీ తగిలించింది. జేబులు నాలుకల్లా వేలాడుతున్నాయి. నేను లోపలికి తొయ్యలేదు.

మార్చి 12, మంగళవారం

గడియారాల పెద్దాయన షాపుకి వెళ్లాను. కంటికి భూతద్దం పెట్టుకుని ఎవరిదో గడియారం పొట్ట విప్పి ఉన్నాడు. కాలికి గుడ్డ చుట్టి ఉంది. గదిలో వాసన. నూనె వాసన కాదు.

"అన్నా, సూదులు మళ్లీ మొదలుపెట్టు. మా ఆవిడకి నయం కాలేదు. ఆ రోజు చేతులు బిగపట్టి ఆపింది. నేను మాత్రలు మాన్పించాను. చావు దాకా వెళ్లొచ్చింది."

భూతద్దం తియ్యకుండానే నాకేసి తిరిగాడు. ఆ కన్ను కోడిగుడ్డంత పెద్దదిగా కనపడింది. నవ్వాడు.

"పరీక్షిస్తున్నావు కదూ?"

"పరీక్ష కాదన్నా."

"ఆ రోజు నువ్వే అన్నావు. 'రేపు నా నోటితోనే శత్రువు వచ్చి మీ విశ్వాసం అడుగుతాడు, ఇవ్వకండి' అని. నేను ఇవ్వను."

అన్నాను. నిజమే. ఆ మాట దగ్గర జనం లేచి నిలబడ్డారు. బాగా కట్టిన గోడ. నాకే తలుపు పెట్టుకోలేదు.

మార్చి 14, గురువారం

చెప్పాలంటే వేదిక మీదే చెప్పాలి. అక్కడైతేనే నా మాట నమ్ముతారు. అడిగితే ఆదివారం ఇచ్చారు. సంతోషంగా ఇచ్చారు.

ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఎలా మొదలుపెట్టాలా అని చెప్పుకోబోయాను. ఆవిడ ముక్కాలిపీట ఖాళీగా ఉంది. నోరు మూసుకుని చొక్కాలు ఇస్త్రీ చేశాను.

మార్చి 17, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాలు కిటకిటలాడింది. మెట్ల మీద కూడా నిలబడ్డారు. ఆవిణ్ణి అమ్మాయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వెనక కూర్చోబెట్టింది. గడియారాల పెద్దాయనకి ముందు వరసలో చేతుల కుర్చీ వేసి, కాలు ఎత్తుగా పెట్టుకోవడానికి పీట వేశారు. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

మామూలుగా చెప్పాలనుకున్నాను. పాలవాడికి లెక్క చెప్పినట్టు. "నేను మీకు అబద్ధం చెప్పాను" అని మొదలుపెట్టాను. కానీ ఈ గొంతుకి వేరే దారి తెలియదు. రెండో మాటకే వణికింది. మూడో మాటకి పైకి లేచింది. నా చెయ్యి రుమాలు కోసం జేబులోకి వెళ్లింది. నేను పంపలేదు. "నా భార్య నోటి దగ్గర మందు లాగేసుకున్నాను" అనేసరికి ఆడవాళ్లు ఏడవడం మొదలుపెట్టారు. "స్తోత్రం" అన్నారు ఎవరో. "ఎంత తగ్గింపు మనసు!" అన్నారు ఇంకెవరో. తెరాయన కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. నేను నా నేరం చెప్తున్నాను, వాళ్లు ప్రసంగం వింటున్నారు. నా బతుకులో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ సంగతి చెప్తుండగానే నాకు తెలిసింది, తెలిసి లోపల ఎక్కడో తియ్యగా కూడా అనిపించింది. రాయకూడదనుకున్నాను ఇది. రాశాను.

ఆగిపోయాను. బావమరిది వైపు తిరిగి గొంతు దగ్గర చెయ్యి అడ్డంగా కదిపాను. వాడు ఒక్క క్షణం చూసి మైకు కట్టేశాడు. మొదటిసారి వేళాకోళం ఆడలేదు.

కిందికి దిగి వెనక్కి నడిచాను. ఆవిణ్ణి లేవదీసి తీసుకొచ్చి ముందు కుర్చీలో అందరికీ ఎదురుగా కూర్చోబెట్టాను. "నా మాట వద్దు. వీటిని చూడండి," అన్నాను.

చేతులు ఒళ్లో ఆడుతున్నాయి. ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఏం కనపడిందో. బల్ల దగ్గర మాట కోసం తడుముకునే మనిషే కనపడి ఉంటాడు. బొటనవేళ్లు లోపలికి మడిచింది. మోచేతులు పక్కలకి నొక్కింది. దవడ బిగిసింది.

చేతులు ఆగాయి.

హాలు లేచి నిలబడింది. కేకలు. కింద టైర్ల షాపువాడు కూడా పైకొచ్చి ఉంటాడు, అంత గోల. పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి ఏడుస్తున్నాడు.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆవిడ పిడికిళ్లు నా చేతుల్లోకి తీసుకున్నాను. రాయిలా ఉన్నాయి. లోపల వణుకు తెలుస్తోంది, తలుపు వెనక ఎవరో తడుతున్నట్టు.

"వదిలెయ్," అన్నాను.

పళ్ల మధ్య నుంచి, "అందరూ చూస్తున్నారండీ," అంది.

"చూడనీ."

"మీ పరువు పోతుంది."

"పోనీ. నొప్పి పుడుతోంది కదా. వదిలెయ్."

"మీరు లేచి వెళ్లి చెప్పుకోండి. నేను పట్టుకుంటాను."

"ఇంక చెప్పేదేం లేదు. వదిలెయ్యవే."

వదిలింది.

అణిచిపెట్టినదంతా ఒక్కసారి బయటికొచ్చినట్టు రెండు చేతులూ మోకాళ్ల మీద కొట్టుకున్నాయి. చేతి గాజు, కుర్చీ కొయ్యకి తగిలి టకటకమని చప్పుడైంది. ముందు వరస కూర్చుంది. వెనక వరస కూర్చుంది. మెట్ల మీదివాళ్లు కూడా నోరు మూసుకున్నారు. ఫ్యాను కిర్రుమంటోంది, దాని కింద ఆ టకటక. దగ్గు లేదు, తుమ్ము లేదు. ఇలాంటి నిశ్శబ్దం కోసమే కదా ఇన్నేళ్లు గొంతు చించుకున్నాను. వచ్చింది. దానిలో పెట్టడానికి నా దగ్గర ఒక్క మాట లేదు.

ఎంతసేపో తెలియదు. గడియారాల పెద్దాయన చేతులు మెల్లగా కిందికి దిగాయి. ఆయన ఆవిడ చేతుల్ని చూశాడు. తన కాలిని చూసుకున్నాడు. తరవాత మణికట్టు తిప్పి టైము చూసుకున్నాడు.

"సూది వేళ దాటిపోయింది," అన్నాడు కొడుకుతో. "నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరా."

మార్చి 18, సోమవారం

కబురొచ్చింది. పెద్దాయనకి వేలు తీసేస్తారట. కాలు దాకా పోతుందో లేదో ఇంకా చెప్పలేమన్నారట. ఆయన కొడుకు నన్ను రావద్దన్నాడు.

వేదిక తెరాయనకి ఇచ్చారు. బావమరిది వచ్చి చెప్పి, కాసేపు కూర్చుని, మా ఫ్యాను కిర్రుమంటుంటే దానికి నూనె వేసి వెళ్లాడు.

గ్రంథం బల్ల మీదే ఉంది. తెరవలేదు.

మధ్యాహ్నం ఆవిడ వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. ఒక చొక్కా తీసుకుని మడత పెట్టింది. ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి. నేను విప్పలేదు.

"ఇవాళ ఏమీ చెప్పుకోరా?" అంది.

"లేదు."

"అయితే అన్నం తిందాం రండి."

తనే వడ్డిస్తానంది. గరిటె కంచం అంచుకి టకటకా కొట్టుకుంది, సగం మెతుకులు బల్ల మీద పడ్డాయి. ఆ చప్పుడు ఆగాక మొదలుపెడదామని అలవాటుగా చూస్తూ కూర్చున్నాను. అది ఆగదు. తిన్నాను.